తుప్పు కోసం బెజవాడ వెళ్తే: లాడ్జి పారేసింది, ఆటోనగర్ ఇచ్చింది

కృష్ణ ఒడ్డున గేట్లు, పడవలు, పాత రేకులు చూసి, ఆ తుప్పూ ఆ రంగులూ పట్టుకొచ్చి మిక్స్‌డ్ మీడియాలో (రంగులతో పాటు గుడ్డ, రేకు లాంటివీ కలిపి) నైరూప్య చిత్రాలు, అంటే ఫలానా బొమ్మ అని పోల్చలేనివి, వేద్దామని బెజవాడ వెళ్ళాం. నేను, మా ఆయన, ఫైన్ ఆర్ట్స్ చదువుతున్న ఆయన మేనకోడలు. ఊరు మేం కోరినదానికంటే ఎక్కువే ఇచ్చింది. రైల్వే స్టేషన్ దగ్గర దిగిన లాడ్జి మాత్రం మా పనిని చెత్తలో పోసింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు కాబట్టి ముందు ఆ సంగతే.

ఆన్‌లైన్‌లో ‘రివర్ వ్యూ’ గది 1,800 రూపాయలని చూపించారు. దిగాక మూడో మనిషికి పరుపని ఇంకో 500 వేశారు. కిటికీ తెరిస్తే పక్క బిల్డింగ్ గోడ, దాని మీద ఏసీ డబ్బాలు. అదీ ఓర్చుకున్నాం.

ఆ సాయంత్రం సీతానగరం వైపు ఒడ్డున ఏరిన మేకులు, బోల్టులు, గొలుసు ముక్కలు గదికి తెచ్చాం. నూలు గుడ్డని వెనిగర్‌లో తడిపి, ఇనప ముక్కలకి చుట్టి, కాస్త ఉప్పు చల్లి, కవర్లో మూటకట్టి రాత్రంతా వదిలేస్తే గుడ్డకి తుప్పు అచ్చు దిగుతుంది. ఇటుక రంగు, నారింజ, అంచుల్లో నలుపు. కొన్న రంగుల్తో ఆ మరక రాదు. మూటల్ని బాత్రూంలో ఓ మూల పెట్టి పొద్దున టిఫిన్‌కి వెళ్ళొచ్చేసరికి ఒక్కటీ లేదు. మేం లేనప్పుడు తాళం తీసి అన్నీ ఎత్తి పారేశారు.

మేనేజర్ని అడిగితే, “చెత్త తెచ్చి గదిలో పెడితే తియ్యకుండా దండేసి దణ్ణం పెడతామా మేడమ్?” అన్నాడు. పైగా టైల్స్ మీద మరక పడిందని 600 కట్టమన్నాడు. ఆ టైల్స్ మీద బోరునీటి చారలు మేం రాకముందు నుంచీ ఉన్నవే. బిల్లు ఇస్తే కడతానన్నాను. బిల్లు లేదు, అడ్వాన్సులోంచి 300 పట్టుకున్నాడు. పిల్ల ఏడ్చేసింది. ఎప్పుడూ గొంతు పెంచని మా ఆయన ఆ రోజు కౌంటర్ బల్ల చరిచాడు. గదికి డబ్బు తీసుకున్నాక, అందులో ఉన్నది బంగారమైనా తుప్పు మేకైనా ముట్టుకునే ముందు అడగాలి.

అక్కణ్ణుంచి తాడేపల్లిలో ఓ ఇంటి మేడ మీద గదికి మారాం. 1,400 రూపాయలు, శుభ్రంగా ఉంది. ఇంటావిడే పాత ప్లాస్టిక్ టబ్బు తెచ్చి, “ఇందులో నానబెట్టుకోండమ్మా” అంది.

ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. పైన నడిచేవాళ్ళు ఎక్కువగా నీళ్ళే చూస్తారు. మీరు గేట్లని చూడండి. నీటిమట్టం మారినప్పుడల్లా పడిన చారలు, నాచు, కారిన తుప్పు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉంటాయి. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ఢీకొన్నది ఇక్కడి కాంక్రీటు కౌంటర్ వెయిట్లనే, అంటే గేట్లు తేలిగ్గా లేచేందుకు పెట్టిన బరువు దిమ్మల్నే. నేను రంగుల నోట్సు రాసుకుంటుంటే మా ఆయన ఎండకి తలనొప్పని విసుక్కున్నాడు. మధ్యాహ్నం గోంగూర పచ్చడితో 140 రూపాయల భోజనం పడ్డాకే మళ్ళీ మాట్లాడాడు. ఇబ్రహీంపట్నం వెళ్ళి థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు గీసుకున్న రోజు హాయిగా గడిచింది.

అసలు సంతోషం బళ్ళ రిపేర్లూ పాత ఇనుము కొట్లూ ఉండే ఆటోనగర్‌లో. ఓ పాత ఇనుము కొట్టాయన కిలో 45 చెప్పాడు. వాషర్లు, గేర్ పళ్ళు, స్ప్రింగులు మూడున్నర కిలోలు తూచి 150 తీసుకున్నాడు. “ఏం చేస్తారమ్మా వీటితో?” అన్నాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి వెనక్కెళ్ళి, ఇసుక పడవ నుంచి కోసిన రేకు ముక్క పట్టుకొచ్చాడు. పెచ్చు లేచిన చోట గోటితో గీకి చూపించాడు.

“పైన తుప్పు, దాని కింద నీలం, ఆ కింద రెడాక్సైడ్, ఇంకా కింద పాత పచ్చ. ఎన్నిసార్లు పూశారో ఇదే చెప్తది చూడండి.”

నేను కాన్వాస్ మీద చేసేదీ అదే. గరుకు కోసం పూసే టెక్స్చర్ పేస్టు, గోనెగుడ్డ, పొర మీద పొర యాక్రిలిక్ రంగు, ఆ తర్వాత ఇసక కాగితంతో గీకి అడుగు రంగు బయటికి తేవడం. క్లాసులో ఇది చెప్పడానికి గంటలు పడుతుంది. పిల్ల వెంటనే రేకు మీద పల్చటి కాగితం వేసి క్రేయాన్‌తో రుద్దడం మొదలుపెట్టింది. జర్మన్ చిత్రకారుడు మాక్స్ ఎర్న్‌స్ట్ 1925లో ఫ్రాన్స్‌లో సముద్రపు ఒడ్డు సత్రంలో గది చెక్కనేల మీద చేసిన పని ఇదే. దాన్ని ఫ్రొటాజ్ అంటారు. కొట్లో కుర్రాళ్ళు చుట్టూ చేరి, మేమూ రుద్దుతామని కాగితాలు అడిగారు. రేకుకి ఆయన డబ్బు తీసుకోలేదు. చెయ్యి కోసుకుంటుందని అంచులకి పాత ట్యూబు చుట్టి మరీ ఇచ్చాడు.

వెళ్ళేవాళ్ళు జనవరి, ఫిబ్రవరిలోనే వెళ్ళండి, వేసవిలో ఇనుము ముట్టుకోలేరు. అచ్చు దిగిన గుడ్డని వంటసోడా నీళ్ళలో జాడించి, ఆరాక యాక్రిలిక్ మీడియం (రంగు లేని యాక్రిలిక్ పూత) పూయండి. లేకపోతే తుప్పు గుడ్డని తినేస్తుంది. రేకుల్లాంటి బరువులకి కాన్వాస్ ఆగదు, ప్లైవుడ్ మీద స్క్రూలతో బిగించాలి. స్టేషన్ దగ్గరే దిగాల్సి వస్తే, మేం లేనప్పుడు గది తెరవొద్దని అడ్వాన్సు రసీదు మీద రాయించుకోండి. రాయనంటే ఆ లాడ్జి వద్దు.