పావెల్ సరస్సులో అద్దె హౌస్‌బోట్: గదుల కంటే ముందు పొగగొట్టం చూశాను

అరిజోనా, యూటా రాష్ట్రాల సరిహద్దులోని పావెల్ సరస్సులో మా రెండు కుటుంబాలు జూన్‌లో మూడు రాత్రులకు ఒక హౌస్‌బోట్ అద్దెకు తీసుకున్నాయి. గదులు శుభ్రంగా ఉన్నాయి, వంటగదిలో పదకొండు మందికి పులిహోర కలిపేంత చోటుంది, పైకప్పు నుంచి నీళ్లలోకి దిగే జారుడుబల్లను పిల్లలు వదలలేదు. నేను మాత్రం ముందుగా చూసింది జనరేటరు పొగ ఎటు పోతుందన్నది.

2000 ఆగస్టులో ఇదే సరస్సులో హౌస్‌బోట్ వెనుక ఈదుతున్న ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, కార్బన్ మోనాక్సైడ్ సోకి మరణించారు. ఆనాటి చాలా పడవల్లో పెట్రోలు జనరేటరు పొగను, ఈతకు దిగే వెనుక ప్లాట్‌ఫారం కింది ఖాళీలోకి వదిలేవారు; చుట్టూ ఆరుబయలే అయినా ఆ ఖాళీలో వాయువు పేరుకునేది. అమెరికా వృత్తి భద్రత, ఆరోగ్య జాతీయ సంస్థ పరిశోధకులు అక్కడి గాలిని కొలిచి, పొగగొట్టాన్ని పైకప్పు మీదికి నిలువుగా తీసుకుపోవాలని సూచించారు. రంగూ వాసనా లేని ఈ వాయువు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా, రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వస్తే పడవ ఊగినందుకో ఎండ తగిలినందుకో అనుకుంటాం. నీళ్లలో ఉన్నవారైతే స్పృహ తప్పి మునిగిపోతారు.

మా పడవకు పొగగొట్టం పైకే ఉంది. అందుకు పడవ అద్దెకిచ్చిన సంస్థను మెచ్చుకోవాలి. వెనుక పడకగదిలోని కార్బన్ మోనాక్సైడ్ అలారం విషయంలో మాత్రం నిరాశపడ్డాను. బటన్ నొక్కితే చక్కగా మోగింది, కాని ఆ బటన్ మోతను పరీక్షిస్తుందే తప్ప లోపలి సెన్సారుకు వాయువును పసిగట్టే శక్తి మిగిలి ఉందో లేదో చెప్పదు. ఊడదీసి వెనుక చీటీ చూస్తే మార్చవలసిన గడువు దాటి ఏడు నెలలైంది. అడిగిన ఇరవై నిమిషాల్లో, వాదించకుండా, కొత్తది బిగించారు. అడగనివారి సంగతేమిటన్నది నా ప్రశ్న.

కొత్తదైనా అలారం తక్షణం మోగదు: అమెరికా ప్రమాణం ప్రకారం గాలిలో పది లక్షల భాగాలకు 70 భాగాలుంటే గంట నుంచి నాలుగు గంటలలోపు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాలలోపు మోగాలి. పైగా గది లోపలి అలారం బయట ఈదేవారికి అక్కరకు రాదు. అందువల్ల నీళ్లలో ఒక్కరున్నా ఇంజను, జనరేటరు ఆపేశాం. ఏసీ ఆగినప్పుడల్లా మా అత్తగారు "ఇంత డబ్బు పోసి ఈ వేడేమిటి అల్లుడుగారూ" అంటూనే ఉన్నారు; ఆవిడ మాటలోనూ న్యాయముంది.

రెండో సాయంత్రం మరో పడవ మా పక్కనే ఒడ్డుకు ఆనుకుని జనరేటరు వేసింది. అలాంటి పడవకు కనీసం 20 అడుగుల దూరం ఉండాలని కోస్ట్ గార్డ్ చెబుతుంది గాని, సంస్థ ఇచ్చిన పుస్తకంలో ఆ మాటే లేదు. ఇసుకలో పాతిన లంగర్లు పెకలించి చీకటిపడేలోగా జరగడం మాకు చాలా శ్రమయింది.

అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. వచ్చే జూన్‌కు ఇదే పడవను అడుగుతూ, అలారాల వెనుక చీటీల ఫొటోలు ముందుగా పంపమన్నాను. ధరల పట్టిక వచ్చింది గాని ఫొటోలు ఇంకా రాలేదు.