ఆగిపోయిన బిట్‌కాయిన్ బదిలీ: వేచి ఉండడమా, రుసుము పెంచడమా?

పంపిన బిట్‌కాయిన్ గంటలు గడిచినా అవతలివారికి చేరలేదంటే, చాలా సందర్భాల్లో ఆ లావాదేవీ ఇంకా ఏ బ్లాకులోనూ, అంటే లావాదేవీలను కలిపి నమోదు చేసే ఏ కట్టలోనూ, చేరలేదని మాత్రమే అర్థం. సగటున పది నిమిషాలకు ఒక బ్లాకు వస్తుంది, అందులో చోటు పరిమితం. అందుకే మైనర్లు (బ్లాకులను తయారుచేసేవారు) ఎంత సొమ్ము బదిలీ అవుతోందో చూడరు. లావాదేవీ ఆక్రమించే ఒక్కో వర్చువల్ బైటుకు (బ్లాకులో చోటును కొలిచే ప్రమాణం) ఎన్ని సతోషీల (సతోషీ అంటే బిట్‌కాయిన్‌లో పది కోట్లవ వంతు) రుసుము దక్కుతుందో లెక్క చూసుకుని, ఎక్కువ ఇచ్చేవాటిని ముందు తీసుకుంటారు. తక్కినవి మెంపూల్‌లో, అంటే ఇంకా నమోదుకాని లావాదేవీలు వేచి ఉండే చోట, ఎదురు చూస్తాయి. 2024 ఏప్రిల్ 20న, మైనర్ల బహుమతి సగానికి తగ్గిన బ్లాకుతోనే బిట్‌కాయిన్ మీదే నడిచే రూన్స్ టోకెన్లు కూడా మొదలవడంతో రుసుములు ఒక్కసారిగా ఎగబాకాయి.

ఏ ఉపాయానికైనా ముందు ఆ బదిలీని గుర్తించే లావాదేవీ సంఖ్య (టీఎక్స్‌ఐడీ) ఉందో లేదో చూసుకోవాలి. బిట్‌కాయిన్ కొని అమ్మే ఎక్స్ఛేంజి నుంచి ఉపసంహరణ పెట్టి, ఆ సంఖ్య ఇంకా రాకపోతే, ఆలస్యం బిట్‌కాయిన్ నెట్‌వర్కుది కాదు, ఎక్స్ఛేంజి లోపలి తనిఖీలది. అక్కడ వారి సహాయ విభాగానికి రాయడం తప్ప మన చేతిలో ఏమీ ఉండదు.

సంఖ్య ఉండి, వాలెట్ తాళాలు (సొమ్ము ఖర్చు చేయడానికి కావలసిన రహస్య సంకేతాలు) మన దగ్గరే ఉంటే ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది ఆర్‌బీఎఫ్ (రీప్లేస్ బై ఫీ): అదే సొమ్మును ఖర్చు చేసే కొత్త లావాదేవీని ఎక్కువ రుసుముతో పంపి, పాతదాన్ని తోసివేయడం. రెండవది సీపీఎఫ్‌పీ (చైల్డ్ పేస్ ఫర్ పేరెంట్): ఆగిపోయిన లావాదేవీ నుంచి రావలసిన సొమ్మునే మళ్లీ ఖర్చు చేస్తూ, ఆ రెండో లావాదేవీకి భారీ రుసుము కట్టడం. ఆగిపోయిన లావాదేవీ లేకుండా ఈ కొత్తది చెల్లదు కనుక మైనర్లు రెండింటినీ కలిపి లెక్కగట్టి తీసుకుంటారు.

ఖర్చులో తేడా లెక్క వేస్తేనే తెలుస్తుంది. 141 వర్చువల్ బైట్ల లావాదేవీకి బైటుకు 3 సతోషీల చొప్పున 423 సతోషీలు కట్టామనుకుందాం. ఇప్పుడు రుసుముల రేటు బైటుకు 20 సతోషీలకు చేరింది. ఆర్‌బీఎఫ్ అయితే మొత్తం రుసుము 2,820 సతోషీలు, పాత 423 అదనంగా పడదు. సీపీఎఫ్‌పీలో 110 బైట్ల రెండో లావాదేవీ కలుస్తుంది కాబట్టి 251 బైట్లకు 5,020 సతోషీలు కావాలి, అంటే రెండోదానికే 4,597 చెల్లించాలి. పంపినవారికి ఆర్‌బీఎఫే మేలని నా అభిప్రాయం. అయితే అది స్వీకర్త చేయగలిగిన పని కాదు. సొమ్ము తన సొంత వాలెట్‌కు రావలసిన వ్యక్తికి సీపీఎఫ్‌పీ ఒక్కటే గతి. ఎక్స్ఛేంజి డిపాజిట్ చిరునామాకు వస్తున్నదైతే తాళాలు వారివే కనుక అదీ కుదరదు. పంపినవారు కూడా తమకు తిరిగి వచ్చే చిల్లరను ఖర్చు చేసి సీపీఎఫ్‌పీ చేయవచ్చు గాని, మొత్తం నిల్వను ఒకేసారి పంపేసి ఉంటే ఆ చిల్లర ఉండదు.

ఇక ఏమీ చేయకుండా ఊరుకోవడం. తొందర లేనప్పుడు ఇదీ తెలివైన పనే, పైగా ఖర్చు లేనిది. నెట్‌వర్కులోని కంప్యూటర్లు నడిపే బిట్‌కాయిన్ కోర్ సాఫ్ట్‌వేర్ మామూలు అమరికలో మెంపూల్ పరిమాణం 300 మెగాబైట్లు, గడువు 14 రోజులు. గడువు దాటినా, మెంపూల్ నిండినా తక్కువ రుసుమువి తొలగిపోతాయి. అలా తొలగితే సొమ్ము పోయినట్టు కాదు, అది మన చిరునామాను వదిలి వెళ్లనే లేదు. కాని ఎవరి దగ్గరైనా ఆ పాత లావాదేవీ మిగిలి ఉంటే దాన్ని మళ్లీ ప్రసారం చేయవచ్చు. కాబట్టి మళ్లీ పంపేటప్పుడు అదే నాణేలను, అంటే పాత లావాదేవీ ఖర్చు చేయబోయిన మొత్తాలనే, వాడాలి. వేరే నాణేలతో పంపితే అవతలివారికి రెండుసార్లు చేరే ప్రమాదం ఉంది.

మైనర్లకు విడిగా డబ్బు కట్టి వేగం పెంచే సేవలు చివరి దారి. వాటి పేరుతో మోసాలు ఎక్కువ. వాలెట్‌ను తెరిచే 12 లేదా 24 పదాల రహస్య వాక్యాన్ని అడిగేవారు ఎవరైనా సరే దొంగలే. ఆర్‌బీఎఫ్ వాడినవారు మరొక చిన్న పని చేయాలి: లావాదేవీ సంఖ్య మారిపోతుంది కనుక కొత్త సంఖ్యను స్వీకర్తకు వెంటనే తెలపాలి, లేకపోతే వారు రద్దయిన పాతదాని కోసమే వెతుకుతూ ఉంటారు.