పార్కు నడకలకు ఏ వీల్‌చైర్? మా ఓటు పెద్ద చక్రాలకే

డిమెన్షియా ఉన్న పెద్దవాళ్లను పార్కులకు తీసుకెళ్లే వాలంటీర్లు వెనక 12 అంగుళాల చక్రాలుండే అల్యూమినియం కుర్చీ మీద మోజు పడుతుంటారు. పది, పన్నెండు కిలోలే, కారు డిక్కీలో ఇట్టే పట్టేస్తుంది. ఆస్పత్రి వరండాలో బాగానే నడుస్తుంది కానీ చెట్ల కిందకి వెళ్తే తేలిపోతుంది. 24 అంగుళాల వెనక చక్రాలున్న స్టీలు ఫోల్డింగ్ కుర్చీ 17, 18 కిలోలు తూగినా మట్టిబాట మీద అదే నయం. ఎత్తడానికి ఇద్దరు కావాలి, అంతే.

చిన్న కుర్చీతో అసలు చిక్కు ముందు చక్రాలది. పేవర్ టైళ్ల సందులోనో, చెట్టు వేరు దగ్గరో చక్రం అడ్డం తిరిగి ఆగిపోతుంది. తోసేవాళ్ల ఊపు మాత్రం ఆగదు, కూర్చున్నావిడ ముందుకు తూలుతుంది. ఒకసారి అలా భయపడితే ఆ రోజుకి మళ్లీ కుర్చీ ఎక్కరు. వేరు దాటించాలంటే వెనక కింద ఉన్న గొట్టాన్ని కాలితో తొక్కుతూ, హ్యాండిళ్లు కిందికి నొక్కి ముందు చక్రాలు లేపాలి. లేపే ముందు రెండో వాలంటీరు ఎదురుగా వచ్చి, కళ్లల్లోకి చూసి "అమ్మా, కుర్చీ కాస్త పైకి లేస్తుంది" అని చెప్పాలి. కనిపించని మనిషి వెనక నుంచి మాట్లాడితే కంగారే. వాలు దిగేటప్పుడు, ఇసుకలోనూ కుర్చీని వెనక్కి తిప్పి నడపండి. ఆ సంగతీ ముందే చెప్పాలి.

గాలి టైర్లు గతుకుల్ని బాగా ఓర్చుకుంటాయి. తుమ్మముళ్లుండే చోటైతే సాలిడ్ టైర్లే మేలు. చాలామంది గమనించని విషయం: బ్రేకు టైరుని నొక్కిపట్టే ఆపుతుంది, కాబట్టి గాలి తగ్గితే బ్రేకూ వదులవుతుంది. ఎవరినీ కూర్చోబెట్టకముందే బ్రేకు వేసి తోసి చూడండి.

ఎక్కువ ప్రమాదాలు ఫుట్‌రెస్ట్ దగ్గరే. ఉన్నట్టుండి లేవాలనిపించి పలకల మీద కాళ్లు మోపి నిలబడబోతారు, కుర్చీ ముందుకు తిరగబడుతుంది. అందుకే ఆగిన ప్రతిసారీ బ్రేకు వేసి, పలకలు మడిచి, పాదాలు నేల మీద ఆనించండి. బయల్దేరే ముందు చీర కొంగు, పంచె అంచు ఊచల్లో పడకుండా ఒళ్లో దోపాలి. బెల్టు ఉన్నది మనిషి జారిపోకుండా ఉండటానికే, కట్టిపడేయడానికి కాదు. లేవాలని పెనుగులాడుతుంటే బాత్రూమ్‌కి వెళ్లాలేమో, సీటు కాలుతోందేమో చూడండి. ఎండలో నిలిపిన రెక్సిన్ చురుక్కుమంటుంది, మీద ఒక నూలు తువ్వాలు పరచండి.

సీటు వెడల్పు అందరికీ 18 అంగుళాలు అంటగడతారు దుకాణాల్లో. బక్కపల్చటి వాళ్లు అందులో ఒక పక్కకి ఒరిగిపోతారు. కూర్చున్నప్పటి తుంటి వెడల్పుకి రెండు అంగుళాలు కలుపుకుంటే చాలు.

నడవగలిగిన వాళ్లని మాత్రం మొదటే ఎక్కించకండి. ఒకరు చేయి పట్టుకుని నడిపిస్తుంటే ఇంకొకరు కుర్చీని ఖాళీగా వెంట తేవాలి. దాన్ని వాకర్‌లా పట్టుకోనివ్వద్దు, ముందుకు పరుగెత్తుతుంది.

కొనే ముందు ఒక మాట. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న, 60 దాటిన, వయసు వల్ల నడక తగ్గిన వాళ్లకి రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద వీల్‌చైర్ ఉచితంగా వస్తుంది. 2017లో ఆ పథకం తొలి శిబిరం జరిగింది మన నెల్లూరులోనే. వివరాలకు ఎల్డర్ లైన్ 14567కి ఫోన్ చేయండి.