పరిగె ఏరిన మా అమ్మకి రూతు కథ చెప్పాను

క్రిస్మస్‌కి ముందు వారాల్లో మా స్త్రీల సమాజంలో మత్తయి సువార్త మొదటి అధ్యాయం చదవడం ఆనవాయితీ. అందులో యేసు వంశావళి మొదలవగానే అందరి కళ్లూ గడియారం మీదికి పోతాయి. కనెను, కనెను, కనెను. అంతమంది మగవాళ్ల పేర్ల మధ్య ఐదుగురు ఆడవాళ్లు ఉన్నారు: తామారు, రాహాబు, రూతు, బత్షెబ, మరియ. బత్షెబకైతే పేరు కూడా దక్కలేదు, 'ఊరియా భార్యగానుండిన ఆమె' అని సరిపెట్టాడు మత్తయి.

ఈ ఐదుగురి మీద ఫ్రాన్సిన్ రివర్స్ అనే అమెరికన్ రచయిత్రి 2000, 2001లో ఐదు చిన్న నవలలు రాశారు. తర్వాత అన్నిటినీ కలిపి 'ఎ లీనియేజ్ ఆఫ్ గ్రేస్' పేరుతో ఒకే పుస్తకంగా వేశారు. నేను చదివింది ఆ లావుపాటిది, ఇంగ్లీషులో. ఇంగ్లీషు అనగానే టెన్షన్ పడక్కర్లేదు. గుంటూరులో జీఎన్ఎం చేసిన నర్సుని నేను, నా ఇంగ్లీషు కేస్ షీటు దాటి పెద్దగా ఎదగలేదు. అయినా పేజీకి రెండు మూడు మాటలకి మించి ఫోన్లో వెతుక్కోలేదు. నైట్ డ్యూటీల మధ్య చదువుతూ పూర్తి చేయడానికి రెండు నెలలు పట్టింది. తెప్పించుకున్న చోటు నుంచి అట్ట మూల నలిగి వచ్చింది గానీ లోపల పేజీలన్నీ సరిగానే ఉన్నాయి.

మొదటి కథ తామారుది. ఆదికాండం 38వ అధ్యాయం మీద ప్రసంగం నేను ఈ యాభై ఏళ్లలో ఒక్కసారి కూడా వినలేదు. 37లో యోసేపుని అన్నలు అమ్మేస్తారు, 39లో అతను ఐగుప్తులో ఉంటాడు, అయ్యగార్లందరూ మధ్యలో ఉన్నదాన్ని గెంతి వెళ్లిపోతారు. ఇద్దరు భర్తలు పోయిన కోడల్ని, మూడోవాడు పెద్దయ్యాక ఇస్తానని పుట్టింటికి పంపేసి మర్చిపోయిన మామ కథ అది. ఆ మామ యూదా. అతని భార్యకి బైబిలులో పేరు లేదు, షూయ కూతురు అంతే. నవల్లో మాత్రం ఆ అత్తగారు ఇల్లంతా ఆవరించి ఉంటుంది. కొడుకు చస్తే నీ వల్లే, వాన పడకపోయినా నీ వల్లే అన్నట్టుండే మనిషి. ఆ పేజీలు చదువుతుంటే పాలస్తీనా ఎక్కడో దూరాన ఉందని అనిపించలేదు.

ఇదంతా మా అమ్మకి తెలుగులో చెప్పేదాన్ని. అమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు, కూలిపని చేసి నన్ను చదివించింది. కళ్లు మసకబారాక బైబిలు నేనే చదివి పెడుతున్నాను. తామారు ఎవరో తెలియకుండా ముసుగేసుకుని దారి పక్కన కూర్చుని, యూదా దగ్గర ముద్ర, దాని దారం, చేతికర్ర కుదువగా తీసుకున్న దగ్గరికి వచ్చేసరికి అమ్మ పకపకా నవ్వింది. "రసీదు తీసుకుందే అమ్మాయ్! తెలివిగలది" అంది. నిజమే, యూదా వల్లే గర్భవతైన ఆమెని కాల్చేయమని అతనే అన్నప్పుడు, ఆ రసీదే ఆమెని మంటల్లో పడకుండా కాపాడింది. 'ఆమె నాకంటె నీతిమంతురాలు' అని యూదా చేత అందరి ముందూ అనిపించింది.

తర్వాత వచ్చే కాన్పు దగ్గర మాత్రం నాకు నవలతో పని లేకపోయింది. కవలల్లో ఒకడు చెయ్యి బయటపెడితే మంత్రసాని ఎర్ర దారం కడుతుంది, వాడు చెయ్యి వెనక్కి లాక్కుంటాడు, రెండోవాడు ముందు వచ్చేస్తాడు. పన్నెండేళ్లు లేబర్ రూములో చేశాను. చెయ్యి ముందు వచ్చిన కేసు అంటే ఇప్పటికీ నాకు కాళ్లు చల్లబడతాయి. డాక్టరమ్మ పరిగెత్తాలి, థియేటర్ సిద్ధం చెయ్యాలి. అక్కడ థియేటర్ లేదు, డాక్టరూ లేదు, ఆ పేరులేని మంత్రసాని ఒక్కతే ఉంది. ఆ నాలుగు వచనాలూ ఎన్నిసార్లు చదివానో! ముందు ఆమెని అసలు చూడనేలేదు నేను.

ఆ వారంలోనే ఒక రాత్రి నొప్పులతో ఒకమ్మాయి వచ్చింది, వెంట వాళ్ల పిన్ని మాత్రమే. రిజిస్టరులో భర్త పేరు అడిగితే తల వంచుకుంది. ఇదివరకైతే మళ్లీ అడిగేదాన్ని, గొంతు కాస్త పెంచి మరీ. ఆ రాత్రి ఆ గడి ఖాళీగా వదిలేసి బీపీ చూడటానికి లేచాను. ఈ పుస్తకం వల్ల నీకేం ఒరిగిందని మా సమాజంలో ఎవరో అడిగితే నాకు చెప్పడానికి దొరికింది ఇదొక్కటే.

యెరికోలో ఇశ్రాయేలు వేగులవాళ్లని దాచిపెట్టిన రాహాబు కథ చకచకా నడుస్తుంది. మిద్దె మీద జనుపకట్టె, కిటికీకి తొగరు దారం, ప్రహరీ గోడ మీద ఇల్లు, అన్నీ యెహోషువ గ్రంథంలో ఉన్నవే. గోడలు కూలే ముందు ఆ ఏడు రోజులూ ఇంట్లో జనాన్నంతా కూర్చోబెట్టుకున్న ఆమె ఉక్కిరిబిక్కిరి బాగా పట్టుకున్నారు.

రూతు కథ దగ్గర రచయిత్రికీ మా అమ్మకీ పడలేదు. పరాయి దేశం నుంచి వచ్చి పొలంలో పరిగె ఏరుకునే రూతు అలసట గురించి నేను చెబుతుంటే, "ఆ రాసినావిడ ఎప్పుడైనా పరిగె ఏరిందా?" అని అడిగింది. మా చిన్నప్పుడు వరి కోతలయ్యాక అమ్మ పరిగెకి వెళ్లేది. రాలిన వెన్నులు ఏరి, ఒడిలో వేసుకుని, ఇంటికొచ్చి నలిపి చాటలో చెరిగేది. కొందరు రైతులు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు, కొందరు కర్ర పట్టుకుని వచ్చేవాళ్లు. నడుం కంటే ముందు వేళ్ల చివర్లు పోతాయట, మోడులు కోసుకుని. ఆ సంగతి నవల్లో లేదని అమ్మ తీర్పు.

సరే అని బైబిలే తీసి చదివాను. సాయంత్రం దాకా ఏరి దుళ్లకొడితే దాదాపు తూమెడు యవలు అయ్యాయని ఉంది. "యవలంటే ఏందే?" అంది. "బార్లీ. నీకు కాచి ఇస్తానే, ఆ నీళ్లు." అమ్మ కాసేపు లెక్క వేసుకుంది. "ఒక్కరోజులో తూమెడా? మేం పొద్దంతా వంగితే కుంచెడు రావడం గొప్ప. వాళ్లు కావాలనే పడేసి ఉంటారు." ఒక్క వచనం వెనక్కి వెళ్లి చదివాను. పనల్లోంచి కొన్ని లాగి ఆమె కోసం పడేయమని, గద్దించొద్దని ఆ పొలం యజమాని బోయజు పనివాళ్లకి చెప్పాడు. అమ్మ ఆ కథ చర్చిలో ఎన్నోసార్లు విన్నదే, అయినా ఆ తూమెడు మాట ఎప్పుడూ చెవిన పడలేదట. పొలం అంచులు పూర్తిగా కోయొద్దు, పరిగె బీదలకీ పరదేశులకీ వదిలేయమని లేవీయకాండం 19లో ఉన్న ఆజ్ఞ కూడా చదివాను. "మా ఊరి కామందులకి ఇది ఎవరూ చదివి పెట్టలేదు పాపం" అంది.

నాకు గట్టిగా నచ్చనిది బత్షెబ కథ. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆమె దావీదు మీద మనసు పడినట్టు రాశారు. రివర్స్ మొదట్లో మామూలు ప్రేమ నవలలు రాసి తర్వాత విశ్వాసంలోకి వచ్చిన మనిషి, ఆ పాత అలవాటు ఇక్కడ బయటపడిందని నా అనుమానం. రెండవ సమూయేలు 11లో రాజైన దావీదు దూతల్ని పంపి, ఊరియా భార్య అయిన ఆమెని పిలిపించుకుంటాడు. ఆమె ఇష్టాయిష్టాల గురించి ఒక్క ముక్క లేదు. తర్వాత నాతాను ప్రవక్త వచ్చి దావీదుకి చెప్పే కథలో బీదవాడి గొర్రెపిల్లని లాక్కుని కోసి వండించింది ధనవంతుడు. గొర్రెపిల్ల మీద తప్పేం లేదు. 'ఆ మనుష్యుడవు నీవే' అన్నది దావీదుని ఒక్కడినే. ఆమెకి చిన్ననాటి ప్రేమ అంటగడితే రాజు తప్పు సగం పంచుకున్నట్టు అయిపోతుంది. బైబిలు ఊరుకున్న చోట రచయిత్రి మాట్లాడటం తామారు విషయంలో మేలు చేసింది, బత్షెబకి కీడు చేసింది. ఈ కథ అమ్మకి సగంలోనే ఆపేశాను.

మరియ కథ తెలిసిన దారిలోనే వెళ్తుంది, నాకు కొత్తగా ఏమీ తగల్లేదు. ప్రతి కథ చివరా బైబిలు అధ్యయనానికి ప్రశ్నలు ఇచ్చారు. కొన్ని పరీక్ష పేపరులా ఉన్నాయి, అయినా ముందు వాక్యం చదివి తర్వాతే జవాబు చెప్పాలి కాబట్టి మా సమాజంలో వాటిని వాడుకున్నాం. అలా మత్తయిని మళ్లీ తిరగేస్తుంటేనే, రాహాబు బోయజుకి తల్లి అని రాసి ఉన్నది గమనించాం. ఇంటికొచ్చి అమ్మకి చెబితే, "మరి! వాళ్లమ్మ కూడా పరాయి ఊరి నుంచి వచ్చిందేగా, అందుకే పడేయమన్నాడు" అంది, ముందే తెలిసినట్టు.

కొనేవాళ్లకి ఒక మాట. అక్షరాలు చిన్నవి, నలభై దాటినవాళ్లు కళ్లద్దాలు దగ్గర పెట్టుకోండి. పక్కన బైబిలు కూడా తెరిచి ఉంచుకోండి, లేకపోతే ఏది వాక్యమో ఏది కల్పనో నెల తిరిగేసరికి కలిసిపోతాయి. మొత్తం చదివే ఓపిక లేకపోతే తామారు, రూతు చాలు. నా కాపీ మాత్రం అడగొద్దు. అది మా పాస్టరమ్మగారి దగ్గరుంది, ఆవిడ ఇంకా తామారు అత్తగారి దగ్గరే ఉన్నారట.