గడపకు కాపలా సరే, మే నెల సంగతేంది? సొంతంగా బిగించుకునే అలారం కిట్

కిట్ ధర ఏడు వేల చిల్లర. పెట్టెలో ఒక హబ్ (సెన్సార్ల కబురు అందుకుని మోగే డబ్బా), రెండు తలుపు సెన్సార్లు, ఒక కదలిక సెన్సార్, రెండు రిమోట్లు, అడాప్టర్, అతికించడానికి డబుల్ టేపు ఉంటాయి. వైరింగ్ పని లేదు, ఎలక్ట్రీషియన్ అక్కర్లేదు. కడపలో నలుగురుండే ఇంట్లో ఒక ఏడాది నడిచాక తలుపు సెన్సార్లకు పదికి తొమ్మిది మార్కులు వేయొచ్చు. కదలిక సెన్సార్‌కు చలికాలంలో ఏడు, ఎండాకాలంలో మూడు.

ఈ తేడా కంపెనీ తప్పు కాదు. కదలిక సెన్సార్ చూసేది వేడిని. మనిషి ఒంటి వేడికీ వెనకున్న గోడ వేడికీ తేడా ఉండి, ఆ తేడా అటూ ఇటూ జరిగితేనే దానికి తెలుస్తుంది. చర్మం పైన వేడి 33, 34 డిగ్రీలు ఉంటుంది. మేలో మన దగ్గర పగలు 40 దాటుతుంది. రోజంతా ఎండ తాగిన మిద్దె రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటుంది, మూసిపెట్టిన గది 35 దగ్గరే నిలబడుతుంది. గోడా మనిషీ ఒకే వేడిలో ఉంటే సెన్సార్ కళ్లకు మనిషి గోడలో కలిసిపోయినట్టే. పెట్టె మీద రాసిన 8 మీటర్లు జనవరిలో వస్తాయి, మేలో మూడు వచ్చినా గొప్పే. పిల్లల సెలవులకు ఊరెళ్లి ఇళ్లకు తాళాలు వేసేది కూడా ఆ నెలలోనే.

అందుకే దాన్ని పెద్ద హాల్లో పెట్టి మొత్తం చూడమంటే కుదరదు. ఎవరొచ్చినా రెండు మీటర్ల లోపల నుంచే పోవాల్సిన ఇరుకు నడవలో, ఏడడుగుల ఎత్తున, మూలకు బిగించండి. మనిషి ఎదురుగా నడిచొస్తే సరిగ్గా పట్టదు, అడ్డంగా దాటితే పడుతుంది. కూలర్ గాలి తగిలే చోటా, పడమటి కిటికీకి ఎదురుగానూ వద్దు. వెనక స్క్రూ రంధ్రాలను సిలికాన్‌తో మూసేయండి, లేకపోతే చీమలు లోపల కాపురం పెడతాయి. కటకం మీద బల్లి పాకినా అలారం మోగుతుంది. బల్లికి మాత్రం మందు లేదు.

తలుపు సెన్సార్‌కు ఎండతో పని లేదు. బ్యాటరీ ఉన్న పెద్ద ముక్క ద్వారబంధానికి, అయస్కాంతం ఉన్న చిన్న ముక్క తలుపుకు. రెండింటి మీదున్న గీతలు ఎదురెదురుగా రావాలి, మధ్య సందు 10 మిల్లీమీటర్లు మించకూడదు. వానాకాలంలో ఉబ్బి, ఎండాకాలంలో కుంగే పాత వేప తలుపులకు 5 మిల్లీమీటర్లే పెట్టుకుంటే మేలు. రెండు రెక్కల తలుపైతే ఒక రెక్కకు సెన్సార్, రెండో రెక్కకు అయస్కాంతం పెట్టండి. ఏ రెక్క తెరిచినా పడుతుంది. కాకపోతే గడియ వదులుగా ఉంటే గాలికే మోగుతుంది, ముందు గడియ బాగు చేయించాలి. ఇనుప గ్రిల్ మీద నేరుగా అతికించారో, ఇనుము అయస్కాంతం బలాన్ని లాగేసుకుంటుంది. అర అంగుళం చెక్క ముక్క మధ్యలో పెట్టాల్సిందే.

డబుల్ టేపును నమ్మొద్దు. సున్నం గోడ మీద వారం కూడా నిలవదు, సున్నంతో సహా ఊడొస్తుంది. ఆరు మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, ప్లగ్గు, స్క్రూ వాడండి.

సెన్సార్లను హబ్‌తో జత కలపడం సులభమే, అన్నీ మంచం మీద పెట్టుకుని ముందే కలిపేస్తే. హబ్‌కు వైఫై 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. రూటర్‌లో 2.4, 5 రెండూ ఒకే పేరుతో ఉంటే మొండికేస్తుంది, పేర్లు విడదీస్తే ఒక్క నిమిషంలో కలుస్తుంది. రెండడుగుల రాతి గోడల పాత ఇళ్లలో హబ్ ఇంటి నడిమధ్యన ఉండాలి. గోడకు రంధ్రం వేయకముందే ప్రతి సెన్సార్‌నూ అది ఉండబోయే చోట చేత్తో పట్టుకుని పదిసార్లు పరీక్షించండి.

అసలు లోపం కరెంటు దగ్గరుంది. హబ్‌లో బ్యాటరీ ఉంది, రూటర్‌లో లేదు. మన ఇళ్లకు మీటరూ ఫ్యూజులూ వరండా గోడ మీద, అందరి చేతికీ అందే చోట ఉంటాయి. ఫ్యూజు పీకి లోపలికొస్తే సైరన్ మోగుతుంది కానీ ఫోన్‌కు కబురు రాదు. రూటర్‌ను ఇన్వర్టర్ లైన్‌కు మార్చండి, లేదా 12 వోల్టుల చిన్న యూపీఎస్ కొనండి. సిమ్ పట్టే హబ్ కొనేవాళ్లు అది 2జీ మాడలా 4జీనా చూసుకోవాలి. 2జీ హబ్‌లో జియో సిమ్ పనిచేయదు, జియోకు 2జీ నెట్‌వర్కే లేదు. సైరన్ కూడా హబ్‌లోనే ఉంది, తలుపులు మూస్తే పక్కింటికి వినపడదు. బయట సజ్జ కింద ఇంకో సైరన్ పెట్టక తప్పదు.

వాడకంలో ఇంటిల్లిపాదికీ అలవాటు కావాల్సింది రెండు మోడ్‌లు: ఊరెళ్లేటప్పుడు అన్నీ, ఇంట్లో పడుకున్నప్పుడు తలుపులు మాత్రమే. ఎండాకాలం మిద్దె మీద పడుకునే ఇళ్లకు రెండోది పనికిరాదు. కిందంతా ఖాళీగా ఉంటుంది కాబట్టి అన్నీ ఆన్ చేసి, మెట్ల తలుపుకు మాత్రం 30 సెకన్ల వ్యవధి పెట్టండి, నీళ్లకు దిగినవాళ్లు అలారం ఆఫ్ చేసేలోగా మోగకుండా. పెద్దవాళ్ల రిమోట్‌లో ఆపదలో నొక్కే ఎస్‌ఓఎస్ బటన్ జేబులో నొక్కుకుపోతుంది, మీద ఒక పొర టేపు అతికిస్తే చాలు. యాప్‌లో ఒకే పాస్‌వర్డ్ అందరూ పంచుకోకుండా ఎవరి లాగిన్ వాళ్లకు ఇవ్వండి. అలారం ఎవరు ఆఫ్ చేశారన్న గొడవ ఉండదు.

వారం రోజులు తాళం వేసి పోయేవాళ్లకు దీనికి తోడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్ల మీద నిఘా పెట్టే ఏర్పాటు) ఉంది. యాప్‌లో నమోదు చేసుకుంటే ఇంట్లో కెమెరా పెడతారు, కదలిక కనిపిస్తే కంట్రోల్ రూమ్‌కే తెలుస్తుంది. దానికి డబ్బు తీసుకోరు.

కిట్‌తో పాటు ఇంకో కదలిక సెన్సార్ కొనే డబ్బుకు రెండు తలుపు సెన్సార్లు వస్తాయి. ఒకటి మిద్దె తలుపుకు, ఒకటి వెనక వాకిలికి. బ్యాటరీ సీఆర్2032 రకమైతే ఏ గడియారాల అంగట్లోనైనా దొరుకుతుంది. 12 వోల్టుల 23ఏ రకమైతే ముందే రెండు కొని పెట్టుకోండి.