ఇంటి ఆఫీసుకు 200 ఎంబీపీఎస్ ఫైబర్: ఎనిమిది నెలల వాడకం

హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంటు మూడో అంతస్తులో, వెనక గదిని ఆఫీసుగా వాడుకుంటున్నాను. రోజూ వీడియో సమావేశాలు, వాటి మధ్యలో బరువైన డ్రాయింగ్ ఫైళ్లను పంపడం నా పని కనుక, 2025 జూన్‌లో ఒక స్థానిక ఆపరేటర్ దగ్గర 200 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు) ఫైబర్ ఇంటర్నెట్ ప్లాన్ తీసుకున్నాను. నెలకు 800 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీతో 944 అవుతుంది. ఆరు నెలల సొమ్ము ముందే కట్టాను. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్‌తో సమానంగా ఇస్తామన్నందుకే ఈ ప్లాన్ వైపు మొగ్గాను. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో కనిపించేది డౌన్‌లోడే అయినా, ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ఓపికను పరీక్షించేది అప్‌లోడ్.

బిగింపుకు నూటికి తొంభై మార్కులు వేస్తాను. స్తంభం మీది పెట్టె నుంచి బాల్కనీ మీదుగా ఫైబర్ తెచ్చిన టెక్నీషియన్, దాన్ని గోడ మూలల్లో మడిచి మేకులు కొట్టకుండా గుండ్రంగా తిప్పి వదిలారు. ఎక్కువగా వంగిన చోట ఫైబర్‌లో వెళ్లే కాంతి బయటికి జారిపోతుంది. తరువాత కాంతి బలాన్ని కొలిచే పవర్ మీటర్ పెట్టి చూస్తే మైనస్ 20 డీబీఎం (ఆ బలానికి కొలమానం) వచ్చింది. ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టెకు మైనస్ 27 దాకా తగ్గినా సరిపోతుంది కాబట్టి లైను ఆరోగ్యంగానే ఉన్నట్టు.

చిక్కంతా ఇంటి లోపలే వచ్చింది. హాల్లో పెట్టె పక్కన నిలబడి చూస్తే 190 దాటుతున్న వేగం, రెండు గోడలూ ఒక బాత్రూమూ దాటి నా బల్ల దగ్గరికి వచ్చేసరికి, తలుపు వేస్తే 30కి పడిపోయింది. 5 గిగాహెర్ట్జ్ వైఫై వేగంగా ఉంటుంది గానీ గోడలను తట్టుకోలేదు, 2.4 దూరం పోతుంది గానీ ఇరుగుపొరుగు ఇళ్ల రౌటర్లన్నీ అక్కడే గుంపుకడతాయి. కస్టమర్ కేర్‌వారు దీనికి చెప్పిన మందు 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు మారమని! కుళాయి దగ్గర గొట్టం సన్నగా ఉంటే ట్యాంకు పెద్దది చేయమన్నట్టుంది ఆ సలహా.

నేను ప్లాన్ మార్చలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, గోడలోని కేబుల్ టీవీ పైపు గుండా 18 మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు లాగించాను. మొదటి రోజు వేగం కచ్చితంగా 94 దగ్గర ఆగిపోయింది. వైరు కొసలకు ప్లగ్గులు రెండుసార్లు బిగింపించాక (క్రింప్) గాని అసలు సంగతి బయటపడలేదు: ఆపరేటర్ ఇచ్చిన పెట్టెలో వైరు గుచ్చే ల్యాన్ పోర్టులు నాలుగుంటే ఒక్కటే గిగాబిట్ (1000 ఎంబీపీఎస్), మిగతా మూడూ 100 ఎంబీపీఎస్‌వి. వైరును ఆ ఒక్కదానికి మార్చగానే బల్ల మీదా 190 పలికింది. ఈ మాట బిగించిన నాడే చెప్పి ఉంటే ఎలక్ట్రీషియన్ రెండోసారి వచ్చే ఖర్చు మిగిలేది.

కరెంటు పోయినప్పుడు ఈ కనెక్షన్ పనితీరు నన్ను ఆశ్చర్యపరిచింది. మా పాత కనెక్షన్‌కు సెల్లార్లో ఇళ్లకు కనెక్షన్ పంచే ఒక నెట్‌వర్క్ స్విచ్ పెట్టె ఉండేది. భవనంలో కరెంటు పోతే అదీ ఆగిపోయేది. ఈ ఫైబర్‌కు దారిలో ఉన్నది కాంతిని పలు ఇళ్లకు పంచే, కరెంటు అక్కరలేని స్ప్లిటర్ మాత్రమే కనుక, ఓఎన్‌టీకి 12 వోల్టుల చిన్న యూపీఎస్ తగిలించుకుంటే సమావేశం మధ్యలో తెగదు.

అయితే తీగ స్తంభాల మీద వేలాడినంత కాలం భయం తప్పదు. 2025 ఆగస్టులో రామంతాపూర్ విద్యుదాఘాత ఘటన తరువాత నగరంలో స్తంభాల మీది కేబుళ్లను తొలగించినప్పుడు, మా పెట్టె మీద, సిగ్నల్ అందడం లేదని చెప్పే ఎర్ర ఎల్‌ఓఎస్ దీపం రెండు రోజులు వెలుగుతూనే ఉంది. అందులో ఆపరేటర్ తప్పు లేదు. ఎప్పటికి బాగవుతుందో చెప్పడానికి ఫోన్ ఎత్తకపోవడం మాత్రం వారి తప్పే. ఆ రెండు రోజులూ మొబైల్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొస్తూ, తీగతో పనిలేని 5జీ కనెక్షన్ తీసుకుంటే ఎలా ఉంటుందా అని ఆలోచించాను. దాంట్లో అప్‌లోడ్ వాటా డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ కాబట్టి నా పనికి కుదరదనిపించింది.

డిసెంబరులో గడువు ముగిశాక మళ్లీ ఇదే ప్లాన్ కట్టాను. ఏడాదికి కడితే ఒక నెల ఉచితమన్నారు గానీ, ఆ రెండు రోజులూ వారు ఎత్తని ఫోన్ గుర్తుండి ఆరు నెలలకే కట్టాను.