పాత ల్యాప్‌టాప్ కొంటున్నారా? ఏ పీడీఎఫ్ తెరిచినా మెయిల్ పాస్‌వర్డ్ అడుగుతుంటే జాగ్రత్త

భీమవరం, పాలకొల్లు, అమలాపురం, రాజమహేంద్రవరం వైపు ఈ కౌన్సెలింగ్ రోజుల్లో పిల్లల కోసం పాత ల్యాప్‌టాప్ కొనేవారు దయచేసి ఇది పూర్తిగా చదవండి. మా చెల్లెలి ఇంజనీరింగ్ చదువు కోసం డెల్టాలోనే ఒక పట్టణంలో, కంపెనీలు వాడి వదిలేసిన యంత్రాలను బాగుచేసి అమ్మే షాపులో ఒకటి తీసుకున్నాం. పైకి కొత్తదానిలాగే ఉంది. విండోస్, బ్రౌజర్, పీడీఎఫ్ చూసే సాఫ్ట్‌వేర్ అన్నీ ఎక్కించే ఇచ్చారు. ఆ ఎక్కించిన వాటిలోనే మోసం ఉంది.

బ్రౌజర్‌లో ఏ పత్రం తెరిచినా వెనుక కాగితం మసకగా కనబడుతుంది. దాని ముందు ఒక పెట్టె వచ్చి, పత్రం చూడాలంటే ఈమెయిల్, పాస్‌వర్డ్ ఇవ్వమంటుంది. ర్యాంకు కార్డుకూ అదే, ‘మీ భూమి’ నుంచి దించుకున్న అడంగల్‌కూ అదే. ప్రభుత్వ కాగితాలు కాబట్టి అడుగుతున్నాయేమో అనుకుని నాన్న తన మెయిల్ పాస్‌వర్డ్ ఇచ్చారు, పత్రం తెరుచుకుంది. ఆ రాత్రే ఆయన ఖాతాలోకి వేరే ఊరి నుంచి ఎవరో ప్రవేశించారని ఫోనుకు హెచ్చరిక వచ్చింది. రొయ్యల చెరువు లీజు కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ ఆ మెయిల్‌లోనే ఉన్నాయి. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

అసలు సంగతి పట్టుకున్నది మా చెల్లెలే. పదో తరగతి మార్కుల జాబితాను ఫోనుతో స్కాన్ చేసి తానే పీడీఎఫ్ చేసింది. దానికి ఏ పాస్‌వర్డూ పెట్టలేదు. ఆ ఫైలు తెరిచినా ల్యాప్‌టాప్ మెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. ఫోనులో మాత్రం ఏమీ అడగకుండా తెరుచుకుంది. తర్వాత బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (ప్రైవేటు) విండోలో తెరిచి చూస్తే పెట్టె రాలేదు. మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఇన్‌కాగ్నిటోలో ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కు అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు, పనిచేయవు. అంటే అడుగుతున్నది పత్రం కాదు, ప్రభుత్వ సైటు కూడా కాదు, బ్రౌజర్‌లో ముందే పెట్టి ఉంచిన ఒక ఎక్స్‌టెన్షన్. దాన్ని తీసేద్దామంటే తొలగించే మీట పనిచేయదు. మూడు చుక్కల మెనూ అడుగున ‘మీ సంస్థ నిర్వహిస్తోంది’ అని రాసి ఉంది. ఉద్యోగుల కంప్యూటర్లలో ఫలానా ఎక్స్‌టెన్షన్ తప్పనిసరిగా ఉండేలా కంపెనీలు పెట్టుకునే ఏర్పాటు అది. కొన్ని యాంటీవైరస్‌ల వల్ల కూడా ఆ మాట కనిపించవచ్చు, కాబట్టి అది కనబడగానే మోసమని తేల్చేయలేం. కానీ తీసేయడానికి వీల్లేని ఎక్స్‌టెన్షన్ ఒకటి ఇంట్లో వాడే యంత్రంలో ఉంటే మాత్రం ఊరుకోకూడదు.

షాపుకు వెళ్లి చూపిస్తే, “ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చేయండి, ఇక అడగదు” అన్నారు. ఆ మాట విన్నాక నాకు కోపం ఆగలేదు. సాఫ్ట్‌వేర్‌కు మా పూచీ లేదని బిల్లు వెనుక రాసి ఉందట. డబ్బు తిరిగి ఇవ్వబోమన్నారు, ఫార్మాట్ చేయడానికి మళ్లీ డబ్బు అడిగారు.

పాస్‌వర్డ్ అడిగిన ప్రతి పత్రమూ మోసం కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్లే మనవాళ్లు చిక్కుకుంటున్నారు. ఈ-ఆధార్ పీడీఎఫ్ నిజంగానే పాస్‌వర్డ్ అడుగుతుంది: ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిషు అక్షరాలు పెద్దబడిలో (క్యాపిటల్ లెటర్స్‌లో), వాటి పక్కన పుట్టిన సంవత్సరం. చాలా బ్యాంకుల స్టేట్‌మెంట్లకూ ఇలాంటి పాస్‌వర్డే ఉంటుంది, అదెలా కూర్చాలో బ్యాంకు పంపిన మెయిల్‌లోనే రాస్తారు. అలాంటి ఫైలు పాస్‌వర్డ్ ఒక్కటే అడుగుతుంది, మీ మెయిల్ ఐడీ అడగదు. ఇంటర్నెట్ ఆపేసినా ఆ పాస్‌వర్డ్‌తో తెరుచుకుంటుంది, ఎందుకంటే తాళం ఆ ఫైలులోనే ఉంది. మీ జీమెయిల్ పాస్‌వర్డ్‌తో దానికి ఏ పనీ లేదు.

కొన్ని కాలేజీలు, ఆఫీసుల సైట్లలో లింకు నొక్కగానే బ్రౌజర్ యూజర్ పేరు, పాస్‌వర్డ్ అడుగుతూ చిన్న పెట్టె చూపిస్తుంది. అడుగుతున్న సైటు చిరునామా ఆ పెట్టెలోనే ఉంటుంది. ఆ సైటు వాళ్లు మీకిచ్చిన వివరాలే అందులో ఇవ్వాలి. చిరునామా మొదట్లో హెచ్‌టీటీపీఎస్ (https) లేకపోతే అవి కూడా ఇవ్వకండి, దారిలో ఎవరైనా చదవగలరు. ఆఫీసు సర్వర్‌లోని వర్డ్ ఫైలు నొక్కితే బ్రౌజర్‌లో లాగిన్ అయి ఉన్నా వర్డ్ మళ్లీ అడగవచ్చు, ఎందుకంటే బ్రౌజర్ లాగిన్ వర్డ్‌కు అందదు. ఇది చికాకే కానీ మోసం కాదు.

ఇప్పటికే ఇలా పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే ఆ ల్యాప్‌టాప్‌లో దాన్ని మార్చకండి. కొత్తది కూడా వాళ్లకే చేరుతుంది. ఫోను నుంచి మార్చి, మిగతా పరికరాలన్నిటి నుంచి లాగౌట్ చేసి, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోనులో కూడా నిర్ధారించమని అడిగే ఏర్పాటు) పెట్టుకోండి. ఆ తర్వాత మెయిల్ సెట్టింగుల్లో ఫార్వర్డింగ్, ఫిల్టర్లు తప్పకుండా చూడండి. నాన్న ఖాతాలో బ్యాంకు నుంచి వచ్చే ప్రతి మెయిల్ మరో చిరునామాకు వెళ్లేలా ఒక ఫిల్టర్ పెట్టేశారు. పాస్‌వర్డ్ మార్చినా ఫిల్టర్ తనంతట తాను పోదు. డబ్బు పోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

యంత్రం బాగుపడాలంటే విండోస్‌ను మైక్రోసాఫ్ట్ సైటు నుంచే పెన్‌డ్రైవ్‌లోకి దించుకుని, డిస్కు మొత్తం తుడిచి కొత్తగా ఎక్కించాలి. షాపు వాళ్ల కాపీ మళ్లీ వాడకండి. విండోస్ నిజమైనదే అయితే దాని లైసెన్సు ఆ యంత్రానికే ముడిపడి ఉంటుంది, మళ్లీ కొనక్కర్లేదు. ఇంత చేశాక కూడా మొదటి తెరలోనే ఏదో కంపెనీ పేరు చూపించి వాళ్ల మెయిల్‌తో లాగిన్ అవ్వమంటే, ఆ ల్యాప్‌టాప్ ఇంకా ఆ కంపెనీ జాబితాలోనే ఉందని అర్థం. ఆ జాబితా నుంచి దాన్ని తీసేయాల్సింది ఆ కంపెనీయే. షాపుకు తిరిగి ఇచ్చేయడం మేలు.

కొనేముందు మీరే తయారుచేసిన, పాస్‌వర్డ్ లేని పీడీఎఫ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి షాపులోనే తెరిచి చూడండి. ఎక్స్‌టెన్షన్ల జాబితా చూపించమని అడగండి. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, ఆ యంత్రం విండోస్ 11కు పనికొస్తుందో లేదో కూడా అప్పుడే తేల్చుకోండి. బిల్లు మీద సీరియల్ నంబరు రాయించుకోండి.

షాపు మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉంటున్న జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు, కొన్న ఊరి చుట్టూ తిరగక్కర్లేదు. మేము వేశాం. ఇలాంటి పెట్టె మీ ల్యాప్‌టాప్‌లోనూ వస్తుంటే తెర ఫొటో తీసి, బిల్లు భద్రపరచి మీరూ వేయండి.